ఏ మొక్కూ లేని ప్రయాణం

ఏకాంబరకుప్పంలో దేవరాజులు నడిపే మరమగ్గాల షెడ్డు బయట నిలబడి వినేవాళ్ళకు లోపల ఎవరూ మాట్లాడుకోవడం లేదనిపిస్తుంది. చెవులు చిల్లులు పడే మోత తప్ప ఇంకేమీ వినపడదు. లోపలికి పోయి చూస్తే తెలుస్తుంది, అక్కడ కబుర్లు ఎంత జోరుగా సాగుతున్నాయో. ఆ మోతలో గొంతు చించుకున్నా లాభం లేదు కనుక, మగ్గాల మీద పనిచేసే ఆడవాళ్ళు గొంతును పక్కన పెట్టేసి పెదవులతోనే మాట్లాడుకుంటారు. పెదవి కదిపితే చాలు, మూడు మగ్గాల అవతలి మనిషి ఆ మాట చదివేసుకుంటుంది. కనుబొమ్మ ఎగరేస్తే ప్రశ్న, మూతి విరిస్తే జవాబు. ఆడపడుచుల మీద చాడీలు, టమాటా ధర, నిన్నటి సీరియల్, అన్నీ అలాగే నడిచిపోతాయి. దేవరాజులుకూ ఆ విద్య రాకపోలేదు గానీ, షెడ్డులోకి వచ్చాడంటే ఆయన చూపు ఎక్కడ దారం తెగిందా అని మగ్గాల మీదే ఉంటుంది. ఆడవాళ్ళ ముఖాలు చూసి ఆయనకు ఎన్నేళ్ళయిందో.

చౌడేశ్వరి ఆయన భార్య. షెడ్డు సొంతమే అయినా రెండు మగ్గాలు ఆమే నడుపుతుంది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చినప్పటినుంచీ ఆమె ఊరు దాటిందంటే దేవుడి కోసమో, పెళ్ళి కోసమో, ఆస్పత్రి కోసమో. ఆడికృత్తిక పండక్కి కావడి వెంట తిరుత్తణి పోయింది. తిరుమల మెట్లు ఎక్కింది, ఎక్కినప్పుడల్లా ఎవరి పిల్లనో చంకనేసుకునే ఎక్కింది. ఈమధ్యే అత్త నిర్మలమ్మకు తిరుపతిలో రెండు కళ్ళకూ ఆపరేషన్ చేయిస్తే, చుక్కలమందు చేత పట్టుకుని వెంట తిరిగింది కూడా ఆమే. ఏ పనీ లేకుండా, ఎవరి కోసమూ కాకుండా, ఊరికినే ఒకచోటికి పోయి కూర్చుంటే ఎట్లా ఉంటుందో నలభై దాటిన ఆ మనిషికి తెలియదు. తెలుసుకోవాలని ఉన్నట్టుండి పిచ్చి పట్టుకుంది.

ఆ పిచ్చి అంటించింది చంద్రిక. ఎదురు మగ్గాల మీద పనిచేసే పిల్ల, కాళ్ళు ఒకచోట నిలవవు, ఫోను చేతిలోంచి దిగదు. ఒకరోజు మగ్గాల సందులోంచి ఫోను ఎత్తి చూపించింది. హార్స్‌లీ కొండ మీద చెక్కలతో కట్టిన చిన్న ఇల్లు. ముందు వరండా, వరండాలో రెండు కుర్చీలు, ఆ కుర్చీల అవతల తెల్లటి మంచు.

"బాడుగకు ఇస్తారంటక్కా. పోదామా?" అన్నాయి చంద్రిక పెదవులు.

"ఆడ ఏముండాది సూసేదానికి?"

"ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"ఏమీ లేదక్కా. ఊరికినే కూసోవచ్చు."

ఆ మాటకు చౌడేశ్వరి ఒళ్ళు ఝల్లుమంది. చేతికింద దారం తెగి, గుడ్డలో బెత్తెడు మేర కన్నం పడేదాకా ఆమెకు లోకం తెలియలేదు.

అంతే, అక్కడినుంచి షెడ్డులో పండగ మొదలైంది. మూడో మనిషి పంకజాక్షి. పక్కవీధి నుంచి పనికి వచ్చే ఆవిడకు భయాలెక్కువ, ఆకలి అంతకంటే ఎక్కువ. నాలుగో మనిషి జయంతి. ఒకప్పుడు ఇదే షెడ్డులో నేసేది, ఇప్పుడు శ్రీ సిటీ ఫ్యాక్టరీలకు పనివాళ్ళను చేరవేసే వ్యాను నడుపుతోంది. ఇంటిదగ్గర సొంతానికి ఒక పాత ఓమ్నీ బండి కూడా ఉంది. చంద్రిక ఫోన్ చేసి అడిగితే, సంగతి పూర్తిగా వినకుండానే "నేను రెడీ, బండి రెడీ, ఎప్పుడు?" అన్నది జయంతి. అలాంటి స్నేహితురాలు ఒక్కతి ఉంటే చాలు, సగం ప్రయాణం అయిపోయినట్టే.

ఎప్పుడన్నది తేల్చాల్సింది క్యాలెండరు కాదు, పడుగు. మగ్గం మీద చుట్టిన నిలువు దారమంతా నేసేసిన తర్వాత, కొత్త పడుగు ఎక్కించి అతికేదాకా ఆ మగ్గానికి పని ఉండదు. ముగ్గురి పడుగులూ ఒకేరోజు అయిపోతే ముగ్గురికీ ఒకేసారి సెలవు. కానీ చౌడేశ్వరి పడుగు సగానికి వచ్చింది, పంకజాక్షిది చివరికి వచ్చింది, చంద్రికది నిన్నగాక మొన్న ఎక్కించింది. దాంతో షెడ్డులో ఎన్నడూ లేని వింత జరిగింది. చంద్రిక భోజనానికి కూడా లేవకుండా నేయడం మొదలుపెట్టింది. పంకజాక్షి మాటిమాటికీ నీళ్ళు తాగడానికి, నడుం పట్టేసిందని వాలడానికి మగ్గం ఆపేసింది. చంద్రిక పనితనానికి మురిసిపోయిన దేవరాజులు, పంకజాక్షికి మాత్రం అల్లం కషాయం తాగమని చెప్పిపోయాడు.

తర్వాత చలి సమస్య వచ్చింది. నగరి ఎండల్లో పుట్టి పెరిగిన నలుగురిలో ఒక్కరికీ స్వెట్టర్ అనేది లేదు. ఊరు ఊరంతా రాత్రింబగళ్ళు పావడా గుడ్డ నేస్తుందా, అందులో వెచ్చగా కప్పుకునేది ఒక్క మూర లేదు. "పావడా గుడ్డ నాలుగు మడతలేసి కప్పుకుందాం," అన్నది చంద్రిక. "నలుగురం నాలుగు రంగుల మూటల్లాగా కూసుంటే మంచే భయపడి పారిపోతాది," అన్నది చౌడేశ్వరి. అన్నాక తనకే నవ్వాగలేదు. మగ్గం పట్టుకుని ఊగిపోతూ నవ్వింది. ఆమెను చూసి చంద్రిక, చంద్రికను చూసి పంకజాక్షి. ఒక్క చప్పుడు లేని నవ్వులు, కళ్ళవెంట నీళ్ళు.

పంకజాక్షి భయాలు ఆమెవి. చెక్కింట్లో చెదలుంటాయా? ఎలుగుబంట్లు తలుపు తట్టవు గదా? తిరుపతి మీదుగా పోతూ కొండెక్కకుండా మలుపు తిరిగిపోతే సామికి కోపం రాదా? ఈ చివరిదానికి జయంతి ఫోనులోనే జవాబిచ్చింది. "సామికి ఉండే జనంతోనే ఊపిరాడ్డంలేదు. మనం తగ్గితే సంతోషపడతాడు, బయలుదేరు మే."

ఇక్కడే ఒక సంగతి చెప్పుకోవాలి. ఈ సంబరమంతా షెడ్డు మూలలో నూలు కండెలు చుడుతూ కూర్చున్న నిర్మలమ్మ కళ్ళెదుటే జరుగుతోంది. ఆమె కళ్ళు మసకబారిన కాలంలో ఆమె ముందు ఏం మాట్లాడుకున్నా భయముండేది కాదు. ఆ అలవాటే వీళ్ళ కొంప ముంచింది. ఆపరేషన్ అయి చూపు తిరిగొచ్చిందని ఇల్లంతా పాయసం వండుకు తాగారే గానీ, ఆ చూపు ఇప్పుడు ఏమేం చూస్తోందో ఒక్కరికీ తట్టలేదు. ఎండపొడ తగలకూడదని డాక్టరు ఇచ్చిన నల్లద్దాలు ముఖం మీద ఉండేసరికి, ఆమె ఎటు చూస్తోందో తెలిసే దారి కూడా లేదు. పైగా, కోడలిగా వచ్చిన కొత్తలో చౌడేశ్వరికి పెదవి మాటలు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది ఎవరనుకున్నారు? నిర్మలమ్మే.

ఇంట్లో ఏం చెప్పాలన్నది చివరిదాకా తేలలేదు. ఊరికినే పోతామంటే ఆ వీధిలో ఎవరింట్లోనూ ఒప్పుకోరు. పంకజాక్షికే ఉపాయం తట్టింది. "ఆ కొండమీద ఏనుగు మల్లమ్మ గుడి ఉండాది గదా. మొక్కుండాది అందాం. మొక్కంటే ఎవురు కాదంటారు?"

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చౌడేశ్వరి ధైర్యం చేసింది. అత్తకు సంగటి ముద్ద వేస్తూ, "అత్తా, మా పడుగులు అయిపోతాండాయి. మధ్యలో ఏనుగు మల్లమ్మ కాడికి పోయి ఒక రాత్రి ఉండి వస్తాం. మొక్కుండాది," అన్నది.

"ఏం మొక్కు?" అన్నాడు దేవరాజులు తలెత్తకుండానే.

అంతదూరం ఆలోచించి పెట్టుకోలేదు. నోటికి ఏది వస్తే అది అనేసింది. "అత్త కండ్లు బాగైతే వస్తామని మొక్కుకున్యా."

నిర్మలమ్మ ముద్ద మింగి, నల్లద్దాలు సర్దుకుంది. "నా కండ్ల కోసమా! ఎంత మంచి కోడలివమ్మా. ఏమని మొక్కినావు?"

"టెంకాయ కొడతానని."

"టెంకాయకు కండ్లొస్తాయా యాడన్నా? గుండు మొక్కింటావు."

చౌడేశ్వరి చెయ్యి దానంతటదే జడ మీదికి పోయింది. "మూడు కత్తెర్ల జుట్టు ఇస్తానన్యా అత్తా."

"మొక్కేటప్పుడు గుండు, ఇచ్చేటప్పుడు కత్తెర్లా? అమ్మోరికి కోపమొస్తే పొయ్యేది నా కండ్లే గదా. గుండే ఇయ్యి. నీ జతగా వచ్చేవాళ్ళు గూడా ఇయ్యాల. నీసు ముట్టగూడదు. సెప్పుల్లేకుండా నడిసి ఎక్కాల." ఇంకో ముద్ద తీసుకుని, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు అన్నది. "అయినా నా కండ్ల మొక్కుకు నేను లేకుంటే ఎట్లా? నేనూ వస్తా."

"అవునుగదా, అమ్మను గూడా తీసుకపో," అన్నాడు దేవరాజులు, మజ్జిగ పోసుకుంటూ.

మర్నాడు షెడ్డులో పెదవులు విరామం లేకుండా ఆడాయి. పంకజాక్షి నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుని, "గుండా! వచ్చే నెల మా మరిది పెండ్లి! ఫొటోల్లో నేనెట్లుంటాను?" అన్నది. చంద్రికకు మాత్రం ఇదంతా మహా వేడుకగా ఉంది. "గుండు మీద పావడా గుడ్డ సుట్టుకుంటే సలి ఆగుతాదిలే అక్కా," అని పంకజాక్షిని ఇంకా ఏడిపించింది.

చౌడేశ్వరికి ఈసారి నవ్వు రాలేదు. పెద్దామె వస్తే ఆ వరండాలో కుర్చీ ఎవరిదవుతుందో ఆమెకు తెలుసు.

"ఆమె వస్తే ఆడ గూడా నేను కోడల్నే," అన్నది. "కాఫీ, సుక్కలమందు, కాళ్ళకు నూనె. ఇంటినే కొండమీదికి మోసుకపోయినట్టు. ఆ ముసల్దుంటే నాకు ఈ జన్మకు సెలవు లేదు."

"డాక్టరు వద్దన్నాడని సెప్దాం," అన్నది చంద్రిక. "కొండెక్కితే గాలికి కండ్లు పాడైతాయని."

"సెప్దాం. ముసలామె ఇంట్లో ఉంటే గుండూ లేదు, నీసు మానేదీ లేదు," అన్నది పంకజాక్షి. అప్పటికే ఆవిడకు సగం ప్రాణం తిరిగొచ్చింది. "బ్రాయిలర్ కోడి కొనుకపోదాం. చెక్కింట్లో బిన్నే ఉడుకుతాది, సేపు పట్టదు."

అప్పుడు చంద్రిక చూపు ఎందుకో మూలకు పోయింది. పోయినది అక్కడే నిలిచిపోయింది. ఆమె నోరు తెరిచిన తెరిచినట్టే ఉండటం చూసి మిగతా ఇద్దరూ తిరిగారు.

మూలలో నిర్మలమ్మ కండె చుట్టడం ఆపి వీళ్ళవైపే ముఖం పెట్టి ఉంది. నల్లద్దాల కింద ఆమె పెదవులు, చౌడేశ్వరికి మొదటి పాఠం చెప్పినప్పటి అంత స్పష్టంగా, ఒక్కో అక్షరం విడివిడిగా కదిలాయి.

"బ్రాయిలర్ వద్దు. నాటుకోడి తీసుకోండి."

మూడు మగ్గాల్లో దారాలు ఒకేసారి తెగాయి.

చౌడేశ్వరి కాళ్ళు ఈడ్చుకుంటూ మూల దగ్గరికి పోయి అత్త ఎదురుగా చతికిలబడింది. సిగ్గుతో, ఎప్పటినుంచి చూస్తున్నావని అడగడానికి కూడా పెదవి రాలేదు. నిర్మలమ్మే చెప్పింది, ఆ మోతలో, పెదవులతోనే.

"మొదుట్నుంచీ సూస్తానే ఉండాను. పావడా గుడ్డ మూటలన్నప్పుడు నవ్వాపుకోలేక కండె యిరగ్గొట్టినా. గుండు మాట కావాలనే అన్నా. నీ మొగం సూడాలని." చేతిలోని కండె గంపలో వేసింది. "ముసల్దుంటే సెలవు లేదన్నావే, ఆ మాట కొత్తది కాదు. మా అత్తను నేను గూడా అన్నాను, ఈడనే, ఇట్లనే. ఆమె కండ్లు మంచివి. సూసింది. ఆ దినం మొదులు సచ్చిపోయేదాకా నాతో మాట్లాడలా. ఒక ఇంట్లో ఉంటూ, ఒక కుండలో తింటూ మాట్లాడలా. నాకు ఆ బుద్ధి లేదు. మీరు పోండి. మొక్కని నా కొడుక్కు నేనే సెప్తా. నేను రాను."

చెప్పవలసింది అయిపోయింది. నిర్మలమ్మ గోడవైపు తిరిగి రాట్నం అందుకుంది.

చౌడేశ్వరికి కావలసిందంతా చేతికొచ్చింది. అత్త రాదు, మొగుడు వద్దనడు, జడ జడగానే ఉంటుంది, కుర్చీ తనదే. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి అక్కడే కూర్చుండిపోయింది. ఇరవై ఏళ్ళలో తనతో నవ్వని ఈ ముసలావిడ, తన మాటకు నవ్వాపుకోలేక కండె విరగ్గొట్టిందట. ఆ నవ్వును తను చూడలేదు. చూడాలనిపించింది. ఆ వరండాలో, ఆ మంచు ముందు, నల్లద్దాలు తీసేసి ఈవిడ నవ్వుతుంటే చూడాలని ఎంత బలంగా అనిపించిందంటే, కుర్చీ సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకుంది.

"రా అత్తా," అన్నది పెదవులతో. కానీ నిర్మలమ్మ ముఖం గోడవైపు ఉంది. పెదవి మాటలకు ఉన్న చిక్కే అది, అవతలి మనిషి చూడకపోతే చెప్పినా చెప్పనట్టే. భుజం పట్టి తిప్పబోతే ఆమె తిరగలేదు. ఇక చౌడేశ్వరి పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ షెడ్డులో ఎన్నడూ చేయని పని చేసింది. ఊపిరంతా కూడగట్టుకుని, గొంతెత్తి, మగ్గాలన్నిటి మీద గెలవాలన్నంత గట్టిగా అరిచింది.

సరిగ్గా ఆ అరుపు మధ్యలో కరెంటు పోయింది.

"మొక్కూ లేదు గిక్కూ లేదత్తా! ఊరికినే పోతాండాం! చెక్కింట్లో కోడి వండుకోని తిని, కుర్చీలో కాళ్ళు సాపుకోని కూసునేదానికి పోతాండాం! నువ్వు రాకుంటే నేను గూడా పోను!"

షెడ్డులో మగ్గాలే కాదు, వీధి మొత్తంలో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిన ఆ నిశ్శబ్దంలో, ఆ మాటలు ఎదురింటి అరుగు దాకా, ఆ పైన టీ అంగడి దాకా వినిపించాయి. టీ అంగడిలో ఎవరో "యాడికంట?" అన్నారు. చంద్రిక నోట్లో కొంగు కుక్కుకుంది. పంకజాక్షి మగ్గం వెనక నక్కింది. వాకిట్లో, చంకలో నూలు కట్టలతో, దేవరాజులు నిలబడి ఉన్నాడు.

ఆయన చాలాసేపు పెళ్ళాం ముఖం వంక చూశాడు. కోపం కంటే అయోమయం ఎక్కువగా ఉంది ఆ చూపులో.

"మొక్కు లేదా?"

"లేదు," అన్నది చౌడేశ్వరి. ఇంక దాచడానికి ఏం మిగిలింది గనుక.

"మరి ఎందుకు పోయేది?"

"ఊరికినే."

"ఊరికినే ఎవురన్నా అంత దూరం పోతారా? మగ్గాలిడిసిపెట్టి, ఇల్లిడిసిపెట్టి?" ఆయన నూలు కట్టలు కింద పెట్టి తల్లివైపు తిరిగాడు. "నువ్వన్నా సెప్పుమా వీళ్ళకు."

నిర్మలమ్మ నెమ్మదిగా లేచింది. నల్లద్దాలు తీసి కొంగుతో తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుంది. కొత్త చూపుకు ఆ మసక వెలుతురు కూడా ఎక్కువై కళ్ళు చికిలించింది.

"దేవా, నా కండ్లు బాగు సేయించింది నువ్వే గదా."

"అవునుమా."

"ఏం సూడమని సేయించినావు నాయనా? ఈ కండెలేనా?"

దేవరాజులు కండెల గంప వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, ఎక్కడ చూపు పెట్టాలో తెలియక నేల చూశాడు. మగ్గం వెనక పంకజాక్షి ముక్కు చీదిన చప్పుడు అందరికీ వినిపించింది.

"బండిలో ముందు సీటు నాది," అన్నది నిర్మలమ్మ కోడలితో. "కాఫీ నువ్వు పెట్టొద్దు. ఆ సంద్రిక పెడతాది, కాళ్ళు నిలవవు గదా దానికి. సుక్కలమందు నేనే యేసుకుంటా."

"గుండు?" అన్నది పంకజాక్షి మగ్గం వెనకనుంచే, ప్రాణాలు ఉగ్గబట్టుకుని.

"నీకు కావాలంటే కొట్టించుకో."

చంద్రిక ఇక ఆగలేకపోయింది. ఈసారి నవ్వు చప్పుడుతోనే వచ్చింది. చౌడేశ్వరి నవ్వింది, పంకజాక్షి నవ్వింది, వాళ్ళను చూసి నిర్మలమ్మ నోరంతా తెరిచి నవ్వింది. చౌడేశ్వరి నవ్వుతూనే ఆ నవ్వు వంక చూస్తూ నిలబడింది.

అంతలో కరెంటు వచ్చింది. వీధంతా మళ్ళీ మోత ఎత్తుకుంది. దేవరాజులు ఏదో అన్నాడు గానీ వినపడలేదు. ఆయన గొంతు సవరించుకుని, మళ్ళీ అనబోయి, ఆ ప్రయత్నం మానుకుని, పెళ్ళాం కళ్ళలోకి సూటిగా చూస్తూ పెదవులతో అడిగాడు.

"బండిలో నాకు గూడా సోటుండాదా?"

నలుగురు ఆడవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకేసారి లేదని తలలు ఊపారు.